మార్కెట్‌కి స్వేచ్ఛ ఇస్తే మనిషికి స్వేచ్ఛ వచ్చినట్టేనా?

సగటుజీవి
రాజకీయ అధికారం, డబ్బు ఒకే చేతిలో ఉండకూడదని, వాటిని విడదీసే పని మార్కెట్టే చేస్తుందని అమెరికా ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1962 నుంచి చెప్తూ వచ్చిన వాదం. చదివినప్పుడు బాగానే ఉంటుంది. చిలీ దగ్గరికొచ్చేసరికి నాకు మింగుడు పడదు. 1973 సెప్టెంబరులో సైన్యం వచ్చింది, పార్లమెంటు మూతపడింది, యూనియన్లు అణిగిపోయాయి. ఆ తర్వాత అదే ప్రభుత్వం ధరల మీద నియంత్రణ తీసేసి, సుంకాలు తగ్గించి, ప్రభుత్వ కంపెనీలు అమ్మేసింది. ధరలు నోరు విప్పాయి, మనుషులు నోరు మూసుకున్నారు. ఈ రెండింటికీ నిజంగా లంకె ఉందా, లేక మనం కోరుకుంటున్నాం కాబట్టి కనిపిస్తోందా? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి, నినాదాలు వద్దు.

లెక్కలమాస్టరు
ఆయన చెప్పింది "మార్కెట్ ఉంటే చాలు" అని కాదు. రాజకీయ స్వేచ్ఛకి మార్కెట్ అవసరం, కానీ అదొక్కటే సరిపోదు అన్నాడు. చిలీ "సరిపోదు" అన్న సగానికి ఉదాహరణ. వాదం కూలాలంటే తిరగేసి చూపించాలి: ప్రైవేటు మార్కెట్ దాదాపు లేకుండా, ప్రతిపక్షం ఎన్నికల్లో గెలిచి గద్దెనెక్కే దేశం ఒక్కటి చెప్పండి.

పిల్లకాకి
ఇక్కడ నినాదాలు వద్దన్నారు కాబట్టి ఈ చర్చ రెండు పోస్టులతో ముగుస్తుందనుకుంటా.

మూడోపక్షం
చిలీ కథ అక్కడితో ఆపేస్తే ఎలా? 1979లో డాలరుకి 39 పెసోలని మారకం కట్టేశారు. బ్యాంకుల మీద పర్యవేక్షణ నామమాత్రం. పెద్ద వ్యాపార కూటములే బ్యాంకులు కొనుక్కుని, ఆ బ్యాంకుల్లోంచి తమ కంపెనీలకే అప్పులిచ్చుకున్నాయి. 1982లో ఉత్పత్తి దాదాపు 14 శాతం పడిపోయింది. 1983 జనవరిలో అదే సైనిక ప్రభుత్వం పెద్ద ప్రైవేటు బ్యాంకుల్ని తన చేతిలోకి తీసుకుంది, ప్రైవేటు విదేశీ అప్పుకి హామీ పడింది. ఆ ప్రభుత్వ ఆర్థికవేత్తలు చాలామంది ఫ్రీడ్‌మన్ పాఠాలు చెప్పిన చికాగో విశ్వవిద్యాలయంలో చదివినవాళ్ళు, అందుకే "సోషలిజానికి చికాగో దారి" అని అప్పట్లో అక్కడివాళ్ళే వెక్కిరించుకున్నారు. లాభం వచ్చినన్నాళ్ళూ మార్కెట్, నష్టం వచ్చాక ఖజానా. దీన్ని స్వేచ్ఛా మార్కెట్ అని ఏ లెక్కన పిలుస్తాం?

ఇంకోటి. స్వేచ్ఛా మార్కెట్ల జాబితాల్లో ఏళ్ళ తరబడి పైన కూర్చున్న హాంకాంగ్, సింగపూర్‌లలో భూమి ఎవరిది? హాంకాంగ్‌లో ఒక్క చర్చి స్థలం తప్ప మిగతాదంతా ప్రభుత్వానిదే, ఇచ్చేది లీజు. ఆ లీజు వేలాల ఆదాయం ఉంది కాబట్టే పన్నులు తక్కువ. సింగపూర్‌లో స్థిరనివాసుల్లో పదికి ఎనిమిది మంది ప్రభుత్వం కట్టిన ఇళ్ళలోనే ఉంటారు. జాబితాలో సుంకానికి, పన్నుకి మార్కులు బాగా పడతాయి. ఇంటి యజమాని ఎవరన్న ప్రశ్నకి అంత బరువు లేదు.

వక్రరేఖ
దేశం మొత్తాన్ని ఒక ముద్దగా పట్టుకుంటే ఈ గొడవ తెగదు. ఒక్కో నిబంధన విడిగా తీసుకుని మూడు సంగతులు చూడండి. ఇందులో "నాకొద్దు" అనగలిగేది ఎవరు, అన్నాక వాళ్ళకి పడే ఖర్చెంత, వాళ్ళు ఏం ఎంచుకున్నారో ఇంకెవరికి కనిపిస్తుంది. మూడోదాన్ని అందరూ మర్చిపోతారు.

ముందు తేలికైనది, ధర గరిష్ఠ పరిమితి. 1971 ఆగస్టు 15న నిక్సన్ అమెరికాలో ధరల్ని, జీతాల్ని 90 రోజులు బిగించాడు. మిగతావన్నీ 1974కల్లా వదిలేశారు గానీ చమురు మీద మాత్రం 1981 జనవరి దాకా నడిచింది. అక్కడ వరసగా జరిగింది ఇదీ:

పాత బావుల నూనెకి పీపాకి 5.25 డాలర్ల పరిమితి పెట్టి, కొత్త బావుల నూనెని వదిలేశారు. రెండూ ఒకే నూనె. దాంతో పాత బావి మీద ఖర్చు పెట్టేవాడు లేడు. పాత నూనె మధ్యవర్తుల చేతులు మారుతూ మారుతూ కాగితాల మీద కొత్తదైపోయింది. శుద్ధి కర్మాగారాల్లో కొన్నిటికి చౌక నూనె, కొన్నిటికి ఖరీదు నూనె దొరుకుతోందని, వాటి మధ్య సర్దుబాటు చెల్లింపులకి 1974లో ఇంకో పథకం పుట్టింది. పంపిణీకి 1972లో అదే నెల అమ్మకాలే ఆధారం. కానీ పెట్రోలు కరువని భయపడి జనం దూర ప్రయాణాలు మానేశారు. సెలవులకి వెళ్ళే ఊళ్ళలో బంకులు నిండుగా ఉన్నాయి, నగరాల్లో గంటల తరబడి వరసలు. అప్పుడు నంబరు ప్లేటు సరి, బేసి పద్ధతి వచ్చింది.

ప్రతి మెట్టులోనూ ముందు మెట్టులో వచ్చిన చిక్కు తీర్చడానికే కొత్త అధికారం కావాల్సొచ్చింది. ఎవరూ కుట్ర పన్నలేదు. ధర చెప్పాల్సిన కబురు చెప్పడం మానేస్తే, ఆ కబురు ఒక ఆఫీసు చెప్పాలి.

నిశాచరి
1973 జూన్‌లో రెండోసారి బిగించినప్పుడు దుకాణంలో కోడిమాంసం ధర ఆగింది, పొలం దగ్గర దాణా గింజల ధర ఆగలేదు. పెంచితే నష్టం. టెక్సస్‌లో కోడిపిల్లల్ని పీపాల్లో ముంచి చంపేశారు, టీవీలో కూడా వచ్చింది. ఆ గుడ్లు పొదిగించినప్పటికి లెక్క వేరు, పిల్లలు బయటికొచ్చేసరికి లెక్క మారిపోయింది.

పాతకాపు
వక్రరేఖ గారు సగమే చెప్పారు. ధర పరిమితి పెట్టి సరుకు పంచకపోతే వరసలు వస్తాయి. పరిమితితోపాటు తలా ఇంత అని కూపన్లిస్తే రావు, లేదా చాలా తక్కువ. బ్రిటన్ 1940 జనవరి నుంచి 1954 జూలై దాకా రేషన్ నడిపింది. వెన్న, మాంసం లాంటివాటికి తలకింత. డబ్బా సరుకులకి మాత్రం పాయింట్లు: నెలకిన్ని పాయింట్లు ఇస్తారు, దేనిమీద ఖర్చు పెట్టుకుంటావో నీ ఇష్టం, ఏది ఎక్కువ పోతుంటే దాని పాయింట్ విలువ ప్రభుత్వం పెంచుతుంది. అంటే అందరి జేబులోనూ సమానంగా ఉన్న రెండో కరెన్సీ. ఎంపిక ఉంది, ధర ఉంది, డబ్బున్నవాడికి ఎక్కువ బలం మాత్రం లేదు.

ధర పెరిగితే పేదవాడు కొనలేక తప్పుకుంటాడు. దాన్ని "ఎంపిక" అనడం నాకు ఒప్పదు.

లెక్కలమాస్టరు
పాయింట్ల పద్ధతి తెలివైనదే. కానీ యుద్ధం 1945లో ముగిస్తే రేషన్ 1954 దాకా ఎందుకుంది? రొట్టె మీద యుద్ధమంతా లేని రేషన్ 1946లో, శాంతి వచ్చాక, పెట్టారు. ఒకసారి కట్టిన యంత్రాంగానికి కొత్త పని వెతుక్కోవడం తేలిక. పేదవాడి బాధ తీర్చాలంటే ధర జోలికి పోకుండా వాడి చేతిలో డబ్బు పెట్టండి, అదే నా వాదన.

పాతకాపు
డబ్బు ఇవ్వాలంటే పన్ను వెయ్యాలి. పన్ను వేస్తే మళ్ళీ మీరే వస్తారుగా ఇక్కడికి 🙂
రొట్టె రేషన్‌కి కారణం యంత్రాంగం కాదు, 1946లో ప్రపంచమంతా గోధుమ కరువు, జర్మనీలో బ్రిటన్ ఆధీనంలో ఉన్న ప్రాంతానికీ తిండి పంపాలి. రెండేళ్ళకే, 1948లో తీసేశారు.

నిశాచరి
జర్మనీ మాట వచ్చింది కాబట్టి. 1948 జూన్ 20న కొత్త మార్కు ఇచ్చారు, మొదటి విడత తలకి 40. దాంతోపాటే అక్కడ ఆర్థిక విభాగం చూసే ఎర్హార్డ్ చాలా వస్తువుల ధరల మీద నియంత్రణ ఎత్తేశాడు. దాచిన సరుకంతా రాత్రికి రాత్రే దుకాణాల అద్దాల వెనక్కి వచ్చింది. ఇది అందరూ చెప్పే కథ. చెప్పనిది: అద్దెలు, బొగ్గు, ఉక్కు, ముఖ్యమైన తిండి సరుకులు నియంత్రణలోనే ఉంచారు. ధరలు ఎగబాకితే నవంబరు 12న సార్వత్రిక సమ్మె జరిగింది. ఇదంతా ఆక్రమణ సైన్యాల పాలనలో. యుద్ధం తర్వాత మొదటి సాధారణ ఎన్నికలు 1949లో. మార్కెట్ ముందొచ్చింది, ఓటు తర్వాత. అడిగి తెచ్చింది కాదు.

లెక్కలమాస్టరు
ఉత్తర్వుతో వచ్చినా ఆ ఉత్తర్వు ఏం చేసిందో చూడండి. మర్నాటి నుంచి కొనేవాడు, అమ్మేవాడు ఇంకో ఉత్తర్వు కోసం ఎదురుచూడక్కర్లేదు. తన పని తానే తగ్గించుకునే అధికారం అరుదు.

మూడోపక్షం
తగ్గించుకునే అధికారం ఎలా తగ్గించుకుంటుందో రష్యాలో చూశాం కదా. 1995లో "అప్పుకి వాటాలు" పథకం. ప్రభుత్వానికి బ్యాంకులు అప్పిస్తాయి, తాకట్టు పెద్ద కంపెనీల వాటాలు, అప్పు తీరకపోతే వాటాలు బ్యాంకువి. తీరదని అందరికీ తెలుసు. నికెల్ గనుల కంపెనీ నోరిల్స్క్‌లో 38 శాతం వాటాకి ప్రారంభ ధర 17 కోట్ల డాలర్లు. గెలిచిన పాట 17 కోట్ల 1 లక్ష. రెట్టింపుకి పైగా పాడిన ఇంకో బ్యాంకుని అర్హత లేదని పక్కన పెట్టారు. గెలిచింది ఎవరంటారా, వేలం నిర్వహించిన బ్యాంకే.

ఆస్తి ప్రైవేటు చేతికి పోయింది, నిజమే. అధికారం చెదిరిందా? మరుసటి ఏడాది అధ్యక్ష ఎన్నికల్లో ఆ బ్యాంకర్ల డబ్బు, టీవీలు అప్పటికే అధికారంలో ఉన్న యెల్ట్సిన్ పక్కన నిలబడ్డాయి.

పిల్లకాకి
పాటగాడు, సుత్తి కొట్టేవాడు ఒక్కడే అయితే ఎంత టైం కలిసొస్తుందో.

మోడరేటర్
ఇప్పటి పార్టీల పేర్లతో వచ్చిన రెండు పోస్టులు తీసేశాం. విషయం మీద ఉండండి.

వక్రరేఖ
వేలం సంగతి వచ్చింది కాబట్టి. "మార్కెట్‌కి వదిలేశాం" అనడం ఒక పని కాదు, వంద పనులు. రేడియో తరంగాల్ని అధికారులు పంచే బదులు అమ్మాలని ఆర్థికవేత్త రొనాల్డ్ కోస్ 1959లోనే రాశాడు. అమెరికా మొదటి వేలం 1994 జూలైలో. అంతకుముందు 1990లో న్యూజీలాండ్ రెండో ధర పద్ధతి వాడింది: ఎక్కువ పాడినవాడు గెలుస్తాడు, కట్టేది మాత్రం రెండో పాట. పద్ధతి మంచిదే, కానీ కనీస ధర పెట్టలేదు, పోటీ పల్చగా ఉంది. లక్ష డాలర్లు పాడినవాడు 6 డాలర్లు కట్టాడు. లక్ష కాదు, ఆరు.

అమెరికా వాళ్ళు అది చూసి అన్ని లైసెన్సులకీ ఒకేసారి, రౌండ్ల వారీగా పెరిగే పాట పెట్టారు. ఊరికే చూస్తూ కూర్చోకుండా ప్రతి రౌండులో కొంత పాడాల్సిందే అని నియమం. అక్కడా కన్నం దొరికింది. పాట మొత్తంలో చివరి మూడు అంకెల్లో ఇంకో ప్రాంతపు లాట్ నంబరు పెట్టి "నువ్వు 378 వదిలేయ్, లేకపోతే ఇక్కడ నీ ధర పెంచుతా" అని పోటీదారుకి కబురు పంపుకున్నారు. ఫోన్ లేదు, సమావేశం లేదు, అంతా బహిరంగంగానే. తర్వాత నచ్చిన అంకె టైప్ చేసే వీలు తీసేసి, ముందే నిర్ణయించిన పెంపుల్లోంచి ఒకటి నొక్కమన్నారు. పాడేవాడి స్వేచ్ఛ అంతమేర తగ్గింది, పోటీ బతికింది.

సగటుజీవి
ఇవన్నీ కంపెనీల ఎంపికలు. నేను అడిగింది మనిషి గురించి. జీతం మీద బతికేవాడికి ఇందులో ఏముంది?

ఎర్రమందారం
ఎట్టకేలకి! మార్కెట్లో బలవంతం ఉండదన్న మాటని అమెరికా ఆర్థికవేత్త రాబర్ట్ హేల్ 1923లోనే పట్టుకున్నాడు. తిండి గింజలన్నీ ఇంకొకరి ఆస్తి, ఆ ఆస్తికి కాపలా చట్టం. ముట్టుకుంటే పోలీసు వస్తాడు. కాబట్టి వాళ్ళ షరతుల మీద పనికి ఒప్పుకుంటాం. ఈ ఒప్పందం వెనక రాజ్యం ముందునుంచే నిలబడి ఉంది. ఇప్పుడు కొత్తగా జోక్యం చేసుకోకూడదనడం ఏమిటి?

బ్రిటన్‌లో ఒకప్పుడు కూలి నాణేల్లో కాక టోకెన్లలో, సరుకులో ఇచ్చేవారు. ఆ టోకెన్ చెల్లేది యజమాని దుకాణంలోనే, అక్కడి ధర అతను పెట్టిందే. 1831 చట్టం చాలా వృత్తుల్లో కూలి నాణేల్లోనే కట్టాలంది. ఒప్పంద స్వేచ్ఛని తగ్గించిన చట్టమే, కానీ కూలివాడికి ఏ దుకాణానికైనా వెళ్ళే వీలొచ్చింది.

అమెరికా సుప్రీంకోర్టు 1905లో రొట్టెల కార్మికులకి రోజుకి 10 గంటలు, వారానికి 60 గంటలు అన్న న్యూయార్క్ పరిమితిని ఒప్పంద స్వేచ్ఛ పేరుతో కొట్టేసింది. 1937లో కనీస వేతనం కేసులో దారి మార్చుకుంది. మధ్యలో 32 ఏళ్ళు. ఆ 32 ఏళ్ళు స్వేచ్ఛ ఎవరిది?

లెక్కలమాస్టరు
1831 చట్టం మీద అభ్యంతరం లేదు, అది పోటీకి తలుపు తెరిచింది. కాలిఫోర్నియా చూడండి, "పని మానేశాక పోటీ కంపెనీలో చేరకూడదు" అనే షరతు అక్కడ 1872 నుంచి చెల్లదు. నాకు అదీ ఇష్టమే. ఉద్యోగి వదిలేసి పోగలగడమే వాడి బలం.

కానీ మీ రాజ్యం అన్నిసార్లూ కూలివాడి పక్కన ఉండదు. అమెరికాలో లైసెన్సు కావలసిన పనుల్లో ఉన్నవాళ్ళు 1950లలో ఇరవై మందిలో ఒకరు. ఇప్పుడు ఐదుగురిలో ఒకరికి పైనే. లైసెన్సు ఇచ్చే బోర్డులో కూర్చునేది ఆ వృత్తివాళ్ళే. నార్త్ కరోలినా దంత వైద్య బోర్డులో ఎనిమిది మంది, అందులో ఆరుగురు ప్రాక్టీసు చేసే దంతవైద్యులు, వాళ్ళని ఎన్నుకునేది దంతవైద్యులే. వైద్యులు కానివాళ్ళు తక్కువ ధరకి పళ్ళు తెల్లబరుస్తుంటే "ఆపండి, లేకపోతే నేరం" అని బోర్డు నోటీసులు పంపింది. 2015లో సుప్రీంకోర్టు చెప్పాల్సొచ్చింది: మార్కెట్లో ఉన్నవాళ్ళే బోర్డు నడుపుతూ, పైన ప్రభుత్వం నిజంగా పర్యవేక్షించకపోతే పోటీ చట్టం నుంచి తప్పించుకోలేరని. బయటివాళ్ళని అడ్డుకోవడానికి రాజ్యం ముద్ర ఎంత చవకగా దొరుకుతుందో ఆర్థికవేత్త జార్జ్ స్టిగ్లర్ 1971లో చెప్పింది ఇదే.

కొత్తసభ్యుడు_88
అయితే లైసెన్సులు ఎత్తేస్తే సరిపోదా? రేపు పొద్దున ఎవరైనా వైద్యం చేసుకోవచ్చు అనమంటారా 😐

లెక్కలమాస్టరు
శస్త్రచికిత్స వేరు, పళ్ళకి రంగు వేరు. మధ్యలో ఇంకో మెట్టుంది: పరీక్ష పాసైనవాడికి సర్టిఫికెట్ ఇవ్వండి, లేనివాడు పని చేసుకోవచ్చు కానీ ఆ బిరుదు పెట్టుకోకూడదు. కొనేవాడు చూసి ఎంచుకుంటాడు. పని చెడితే కొనేవాడికి మాత్రమే నష్టమైన చోట అది చాలు. పక్కవాడికీ ప్రమాదమైతే చాలదు.

వక్రరేఖ
ఎత్తేయడం చెప్పినంత తేలిక కాదు. న్యూయార్క్ 1937 చట్టంతో టాక్సీల సంఖ్యకి కళ్ళెం వేసింది, ఒక్కో బండికి మెడాలియన్ అనే లోహపు బిళ్ళ. అమ్ముకోవచ్చు. మొదట పొందినవాడికి లాభం. ఆ తర్వాత కొన్నవాడు రాబోయే లాభమంతా ముందే ధరలో కట్టేశాడు. 2014 నాటికి ఒక్క బిళ్ళ పది లక్షల డాలర్లు దాటింది. కొన్నది అప్పు మీద, నడిపేది డ్రైవరు. యాప్‌ల టాక్సీలు వచ్చాక అది రెండు లక్షల కిందికి పడింది, అప్పు మాత్రం ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోయింది. ఈ ఉచ్చుని ఆర్థికవేత్త గోర్డన్ టల్లక్ 1975లో వర్ణించాడు: పరిమితి ఉన్నా ఇప్పుడున్న యజమానికి మామూలు ఆదాయమే, తీస్తే మాత్రం నిండా మునుగుతాడు. అందుకే అన్యాయమని తెలిసిన నిబంధనని కూడా ప్రాణం పెట్టి కాపాడేవాళ్ళు ఉంటారు. వాళ్ళు దుర్మార్గులు కానక్కర్లేదు.

నిశాచరి
నాకిష్టమైన నిబంధన ఒకటి, కొట్లాట కాస్త చల్లారడానికి. విమానంలో సీట్ల కంటే ఎక్కువ టికెట్లు అమ్మితే ఎవరో ఒకరు దిగాలి. ఒకప్పుడు ఎవర్ని దింపాలో కంపెనీ చెప్పేది, గొడవ పడరని అనిపించినవాళ్ళని చూసి. 1968లో జూలియన్ సైమన్ అనే ఆర్థికవేత్త, దిగడానికి ఎంత తీసుకుంటారని ప్రయాణికుల్నే అడగండి, తక్కువ అడిగినవాళ్ళు దిగుతారు అన్నాడు. కంపెనీలు నవ్వేశాయి. 1970ల చివర్లో అమెరికా విమానయాన బోర్డు, ఆల్ఫ్రెడ్ కాన్ దాని అధ్యక్షుడిగా ఉన్నప్పుడు, ముందు స్వచ్ఛందంగా దిగేవాళ్ళని అడగాల్సిందే అని నియమం పెట్టింది. అదే బోర్డు 1938 నుంచి నలభై ఏళ్ళు ఒక్క కొత్త పెద్ద విమాన సంస్థనీ రానివ్వలేదు, అది వేరే సంగతి. ఈ చిన్న మార్కెట్ దానంతట అది పుట్టలేదు, ఉత్తర్వుతో పుట్టింది. అయినా దిగేవాడు నవ్వుతూ దిగుతున్నాడు.

ఎర్రమందారం
నవ్వుతూ దిగేది ఎవరు? ఆ డబ్బు అవసరమైనవాడే.

నిశాచరి
ముందు పద్ధతిలో డబ్బు లేకుండా దిగేది కూడా వాడే కదా.

మూడోపక్షం
వక్రరేఖ మొదట్లో "ఎంచుకున్నది ఇంకెవరికి కనిపిస్తుంది" అన్న మూడో ప్రశ్న వేసి వదిలేశారు. సగటుజీవి అడిగిన చిలీకి సమాధానం అక్కడే ఉంది, కాకపోతే 1973లో కాదు, 1958లో.

అంతకుముందు అక్కడ ఓటు కాగితాలు పార్టీలే అచ్చు వేసుకుని పంచేవి. పెద్ద కమతాల్లో ఇన్‌క్విలినోలని పాలేరు కుటుంబాలు ఉండేవి. వాళ్ళకి ఇల్లు, కొంచెం సాగు నేల, పశువుల మేత హక్కు. బయట దొరికే కూలి కంటే ఇది మెరుగు, కాబట్టి పోతుందంటే భయం. ఎన్నికల రోజు భూస్వామి బండిలో తీసుకెళ్ళి, కాగితం చేతిలో పెట్టి వేయించేవాడు. ఒప్పందంలో ఓటు అని ఎక్కడా రాసి లేదు. ఉద్యోగం, ఇల్లు, రాజకీయం ఒకే మనిషి చేతిలో ఉంటే రాయాల్సిన పని లేదు.

1958 చట్టం తెచ్చిన ముఖ్యమైన మార్పు ఇదీ: అందరు అభ్యర్థులూ ఉన్న ఒకే కాగితం, ప్రభుత్వం అచ్చు వేస్తుంది, బూత్‌లోనే ఇస్తారు. భూమి పంచలేదు, కూలి పెంచలేదు. ఇన్‌క్విలినోలు ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లోనే భూస్వాముల వైపు ఉండే మితవాద పార్టీల ఓట్లు బాగా పడిపోయాయి. అక్కడి భూమి ధరలు కూడా తగ్గాయి. అంటే అన్నాళ్ళూ పొలం ధరలో పాలేరు ఓటు ధర కూడా కలిసి ఉందన్నమాట.

సగటుజీవి
ఇది నాకు తెలియదు. అంటే ఓటు ఎవరికి వేశామో రుజువు చూపించే స్వేచ్ఛని తీసేస్తే మనిషికి బలం వచ్చిందా?

వక్రరేఖ
అవును. రుజువు చూపించలేనివాడి దగ్గర ఎవరూ కొనరు, ఎవరూ బెదిరించరు కూడా. అందుకే రహస్య ఓటు హక్కు మాత్రమే కాదు, బాధ్యత కూడా. ఇష్టమున్నవాడు చూపించుకోవచ్చు అంటే, చూపించనివాడి మీద అనుమానం మొదలవుతుంది.

లెక్కలమాస్టరు
మార్కెట్‌ని నిషేధించడం వల్ల ఎంపిక పెరిగిన చోటు ఇదొకటి ఒప్పుకుంటాను. కానీ గమనించండి, పాలేరుకి బయట పది చోట్ల అంతే కూలి దొరికితే రహస్యం లేకపోయినా భూస్వామి మాట చెల్లేది కాదు. పోటీ లేని చోట రహస్యం అవసరమైంది.

పాతకాపు
పది చోట్లా భూస్వాములు ఒకే క్లబ్బులో కూర్చుంటే?

కొత్తసభ్యుడు_88
ఇప్పుడు ఫోన్‌తో ఫోటో తీసి చూపించొచ్చుగా. ఇంటర్నెట్ ఓటింగ్ అయితే పక్కన నిలబడి మరీ వేయించొచ్చు.

వక్రరేఖ
ఫోటోకి నిషేధం ఉన్నా అమలు కష్టం. పాడైందని చెప్పి ఇంకో కాగితం అడిగే వీలుంటే ఫోటో రుజువు కాదు, మొదటిదాన్ని ఫోటో తీసి రెండోది పెట్టెలో వేస్తాడు. ఇంటర్నెట్‌కి ఎస్తోనియా 2005 నుంచి ఇదే దారి పట్టింది. గడువులోపు ఎన్నిసార్లయినా మళ్ళీ ఓటు వేయొచ్చు, చివరిదే లెక్క. కాగితం మీద వేస్తే ఆన్‌లైన్ ఓటు రద్దు. 2021 నుంచి పోలింగ్ రోజు కూడా వెళ్ళి కాగితంతో మార్చుకోవచ్చు. పక్కన నిలబడి వేయించినవాడు ఆ తర్వాత గడువు ముగిసేదాకా మనిషిని, ఫోన్‌ని, గుర్తింపు కార్డుని కాపలా కాయాలి.

ఎర్రమందారం
ఒకే ఇంట్లో ఉండేవాడైతే కాస్తాడు.